కడుపునొప్పి కట్ట

హైమ వరండాలో చాప మీద కూర్చుని పాత పేపరు ముక్కల అంచులు కత్తిరిస్తోంది. పక్కన చిన్న గిన్నెలో మైదాపిండితో కాచిన లై ఉంది. ఎండ గడప దాటి లోపలికి వస్తోంది. ఆమె చేతిలో ఉన్న కత్తెరను నేను.

నేను పుట్టింది పెద్ద ఫ్యాక్టరీలో కాదు. విరిగిపోయిన లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. మొదట నన్ను కొనుక్కున్నవాడు కొండమూరు బస్టాండు ఎదురుగా కొట్టు పెట్టుకున్న మస్తాన్ దర్జీ. నాతో ఎవరైనా కాగితం కత్తిరిస్తే అతనికి ఒళ్ళు మండేది. "గుడ్డ కత్తెరని కాయితానికి పెడితే మొద్దయిపోద్ది. ఇంకెక్కడన్నా చూసుకోండి" అని సొంత పెళ్ళాన్నే కసిరేవాడు. గుడ్డ కత్తిరించే ముందు ఒకసారి ఆ మనిషి వైపు చూసేవాడు. లావెక్కినా చిక్కినా విప్పుకుని కుట్టుకోవడానికి లోపల కొంచెం గుడ్డ వదిలేవాడు.

రెడీమేడ్ బట్టలు వచ్చాక అతని కొట్టుకి రాకపోకలు తగ్గాయి. అప్పుడు మండల విలేకరి ముక్తేశ్వరరావు 'కళ తప్పిన దర్జీ బతుకులు' అని పేపర్లో రాశాడు. మస్తాన్ మెషీన్ ముందు కూర్చున్న ఫోటో కూడా వేశారు. ఆ వార్త వల్ల ఒక్క జాకెట్టు కూడా ఎక్కువ రాలేదు. అయినా మస్తాన్ పొంగిపోయాడు. కొట్టు మూసేసిన రోజు నన్ను తీసుకొచ్చి విలేకరి చేతిలో పెట్టాడు. కొత్త ఇంట్లో నేను మొట్టమొదట కత్తిరించింది ఆ వార్తనే, కాగితానికి పెట్టొద్దని కసిరిన మస్తాన్ మీద రాసిన వార్తనే. మనుషుల కృతజ్ఞత ఇలా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

ముక్తేశ్వరరావు చెడ్డవాడు కాదు. తను పంపిన వార్త అచ్చయితే చాలు, చిన్నదైనా కత్తిరించి దాచుకునేవాడు. నీళ్ళ ట్యాంకు ప్రారంభం, గేదెల దొంగతనం, పదో తరగతి ఫలితాలు, ఆర్టీసీ బస్సు బోల్తా. ఏటికేడాది పురికొసతో కట్టి అటక మీదికి ఎక్కించేవాడు. "ఎలకలకి మీ నాన్న వార్తలంటే ప్రాణం. నమిలి నమిలి చదువుతాయి" అనేది కూతురితో ఆయన భార్య సుగుణ.

వాళ్ళమ్మాయి హైమ యూనివర్సిటీలో జర్నలిజంలో పరిశోధన చేస్తోంది. ఆడవాళ్ళ మరణాలను పేపర్లు ఎలా రాస్తున్నాయన్నది ఆమె విషయం. వేసవిలో ఇంటికి వచ్చి, అటక మీది కట్టలన్నీ దింపి, దుమ్ము దులిపి, మరణ వార్తలను వేరు చేయడం మొదలుపెట్టింది. కారణాన్ని బట్టి విడివిడిగా కట్టలు కట్టింది. ప్రమాదాల కట్ట చిన్నది. జబ్బుల కట్ట ఇంకా చిన్నది. ఒక్క కట్ట మాత్రం పురికొస చాలనంత లావైంది. అందులోవి ఆత్మహత్యలు, అన్నీ ఒకే మాటతో మొదలయ్యేవి: కడుపునొప్పి తాళలేక. కొన్నింట్లో తాళలేక, కొన్నింట్లో భరించలేక. తేడా అంతే.

హైమ మాట తక్కువ మనిషి. ఒక ముక్క అంచులు సరిచేశాక నన్ను పక్కన పెట్టి, ఆ నాలుగు లైన్లూ మళ్ళీ మళ్ళీ చదివేది. ఒకరోజు టీ తాగుతున్న తండ్రిని అడిగింది.

"నాన్నా, మన మండలంలో ఇంతమంది ఆడవాళ్ళకి కడుపునొప్పి వచ్చిందిగదా. మరి మన ఆస్పత్రిలో కడుపునొప్పికి డాక్టరు లేడని నువ్వు ఒక్కసారన్నా ఎందుకు రాయలేదు?"

"మీ నాన్న రాసింది చదివితే డాక్టరుక్కూడా వస్తది కడుపునొప్పి" అంది సుగుణ లోపలి నుంచి.

ముక్తేశ్వరరావు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు. "స్టేషన్లో అట్టా చెప్తారు, అట్టా రాస్తాం. ఆ మాట రాస్తే ఎవురికీ ఇబ్బంది ఉండదమ్మా. పోయినామెకీ పరువుంటది, ఉన్నోళ్ళకీ పరువుంటది."

"పోయినామె అడిగిందా నాన్నా?"

ఆయన చల్లారిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే మిరపకోతలకు వెళ్ళే నాగేంద్రం చనిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. శవాన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి చేర్చకముందే ఆమె భర్త అన్న పోతురాజు మోటారుసైకిలు మీద వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఏదో చిన్నది వెయ్యండి విలేకరిగారూ. ఎప్పట్నించో కడుపునొప్పి పాపం. మందులు వాడినా తగ్గలేదు. మీకు తెలీందేముంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. బండి ఇంజను కూడా ఆపలేదు.

సాయంత్రం నాగేంద్రం తల్లి ఆదెమ్మ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వరండా మెట్టు మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నా కూతురికి కడుపునొప్పి లేదయ్యా. మిరపకాయ కారం తిని అరిగించుకునే పిల్ల. మొగుడు కొట్టేవోడు. దెబ్బలు తినలేక నా ఇంటికొస్తే, ఆడది కాపరం చేసుకోవాల గానీ ఇదేందని పెద్దమనుషులు మళ్ళీ తోలారు. తోలమన్నోళ్ళలో నేనూ ఉన్నా."

"కేసు పెడతావా ఆదెమ్మా?" అని అడిగాడు ముక్తేశ్వరరావు.

"కేసులు నాకు తెలవ్వు. వాడికప్పుడే వేరే సమ్మందం చూస్తన్నారంట. ఆ పిల్ల తల్లిదండ్రులకి చదువొచ్చంట. పేపర్లో పడితే చదూతారుగా. చంపాడని రాయమనట్లా నేను. కొట్టేవోడని రాయి, సాలు. ఆ ముక్క కత్తిరించి ఇస్తే నేనే తీసకపోయి వాళ్ళ చేతిలో పెడతా."

ఆమె వెళ్ళాక హైమ ఆ లావుపాటి కట్టను తండ్రి ముందుకు జరిపింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో టైపు చేయడం మొదలుపెట్టాడు. రాసింది పైకి చదివాడు. 'భర్త తరచూ కొట్టడంతో మనస్తాపానికి గురైందని మృతురాలి తల్లి ఆదెమ్మ తెలిపారు.'

"తెలిపారు అనకు నాన్నా. చెప్పారు అను" అంది హైమ.

మార్చి పంపాడు. పోతురాజు ఎవరి మనిషో, రేపు ఎవరెవరు ఫోన్ చేస్తారో ఆయనకు తెలుసు. అంత తెలిసీ పంపాడు. ఆ రాత్రి హైమ తండ్రికి తనే అన్నం వడ్డించింది.

తెల్లవారి పేపరు వచ్చింది. జిల్లా పేజీలో అడుగున, ఎరువుల ప్రకటన పక్కన ఒక చిన్న వార్త. 'కడుపునొప్పి తాళలేక వివాహిత మృతి.' తర్వాత మూడు లైన్లు. నాగేంద్రం పేరు, ఊరు, వయసు ఉన్నాయి. కొట్టడం లేదు, ఆదెమ్మ లేదు.

ముక్తేశ్వరరావు పేపరాఫీసుకు ఫోన్ చేశాడు. స్పీకరులో అవతలి కుర్రాడి గొంతు నిద్రమత్తుగా వినిపించింది. "పెద్దగా ఉంది సార్, పట్టలేదు. మళ్ళీ పోలీసుల్ని అడిగితే కడుపునొప్పన్నారు. అందుకే మామూలు హెడ్డింగ్ పెట్టేశా. ఏమన్నా తప్పొచ్చిందా సార్?"

"లేదులే" అని పెట్టేశాడు ఆయన.

నన్ను చేసిన లోహం కన్నా పదునైనది ఆ ఆఫీసులో ఏదో ఉందని నాకు అర్థమైంది. దానికి అంచులు లేవు. దాన్ని పట్టుకున్నవాడికి తను కత్తిరించినట్టు కూడా తెలియదు.

కాసేపటికే ఆదెమ్మ వచ్చింది. తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. ఎవరింటికో మాట్లాడడానికి వెళ్ళే మనిషిలా ఉంది.

"పడిందంటగా అమ్మా. టీ కొట్టు దగ్గర చెప్పారు, మీ పిల్ల పేరు పేపర్లో ఉందని. అది కత్తిరించి ఇయ్యి తల్లీ. ఎండెక్కకముందే పోయొస్తా."

ముక్తేశ్వరరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హైమ ఆయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. హైమ నన్ను తీసుకుని ఆ వార్త చుట్టూ మెల్లగా కత్తిరించింది. నా అంచు ఒకచోట పక్కకు పోయి ఎరువుల బస్తా బొమ్మ కొంచెం తెగింది. ఆదెమ్మ ఆ ముక్కను రెండు చేతులతో అందుకుని కొంగున ముడేసుకుంది. మెట్టు దిగబోయి ఆగింది.

"ఒక్కసారి చదువమ్మా. వాళ్ళడిగితే ఏం రాశారో నాకు తెలియాలగా."

హైమ చెయ్యి చాపింది. ఆదెమ్మ ముడి విప్పి ఇచ్చింది. నిన్న తండ్రి రాసిన వాక్యం హైమకు కంఠతా వచ్చు. దాన్నే అప్పజెప్పేస్తే ఈ మెట్ల దాకా బాగానే ఉంటుంది. ఆపైన అవతలి వాళ్ళింట్లో, చదువొచ్చిన వాళ్ళ ముందు, ఆదెమ్మ ఈ కాగితం ఇచ్చి నిలబడుతుంది. హైమ ఉన్నది ఉన్నట్టు చదివింది. మూడు లైన్లు చదవడానికి ఎంతసేపు పడుతుంది.

"నేను రాశానమ్మా, నువ్వు చెప్పినట్టే..." అని మొదలుపెట్టాడు ముక్తేశ్వరరావు.

హైమ కాగితం తిరిగి ఇవ్వబోయింది. ఆదెమ్మ చెయ్యి చాపలేదు. ఖాళీ కొంగును దులిపి నడుములో దోపుకుని, ఎవరి వైపూ చూడకుండా, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.