నాలుగు వందల పన్నెండో పేజీ

చిన్నది పుస్తకాలు చదవదు. ఈ సంగతి ఆమె ఇంతవరకూ పైకి అన్నది లేదు. ఫొటో ఫ్రేముల కొట్లో ఇన్ని అద్దాలుండి, ఒక్కదాని ముందు నిలబడి కూడా అన్నది లేదు. రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంటుంది. సొరుగులోంచి, తెర మీద పుస్తకాలు చూపించే ఎలక్ట్రానిక్ రీడరు తీసి, కాసేపు దాని మొహంలోకి చూసి, మళ్ళీ మెత్తటి గుడ్డలో చుట్టి లోపల పెట్టేస్తుంది. నాన్నకి అక్క అయిన అత్త అది చూసి, "మా పండితురాలికి పారాయణం అయిందా? అయితే కాస్త చీపురు కూడా పట్టుకోమను," అంటుంది. నాన్న మీసాల్లో నవ్వుకుంటాడు. ఇద్దరూ ఆమె చదువుకుంటోందనే అనుకుంటున్నారు.

ఆ రీడరు అక్కది. ఊరు వదిలి వెళ్ళే ముందు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని చిన్నదాని చేతిలో పెట్టింది. "కింద పడేసినా బతుకుతుందేమో గానీ దీని మీద బరువు పెట్టకు. తెర లోపల ఉల్లిపొర లాంటి గాజుంది. నొక్కితే ఓర్చుకోలేదు," అంది. రెండు రీడర్లకీ ఖాతా ఒకటే. అందుకని అక్క అక్కడ చదువుతున్న లావుపాటి నవలని ఇక్కడ తెరిచినప్పుడల్లా మొదటి పేజీ మీద చిన్న పెట్టె ఒకటి లేస్తుంది. 'మీరు మరో రీడరులో 37వ పేజీ దాకా చదివారు. అక్కడికి వెళ్లాలా?' కింద పక్కపక్కనే రెండు మాటలు. అవును. వద్దు.

చిన్నది ఎప్పుడూ వద్దు అనే నొక్కుతుంది. అవునంటే తను చూస్తున్నట్టు అక్కకి తెలిసిపోతుందని భయం. మర్నాటికి ఆ అంకె 38 అవుతుంది. ఆ మర్నాటికి 39. అంటే అక్క ఎక్కడో నిద్ర లేచింది, ఇంత తింది, డ్యూటీకి వెళ్ళి వచ్చింది, పేజీ తిప్పింది. చిన్నదానికి అది చాలు. రోజుకి ఒక్క పేజీయేనా అనిపించేది గానీ, ఆస్పత్రి పని కదా, తీరిక దొరకదేమోలే అనుకునేది.

అక్క వేరే ఊళ్ళో నర్సు ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు నాన్న చేతులకి వణుకు అప్పుడప్పుడే మొదలైంది. గాజు కోసేటప్పుడు అక్క గీసినంత తిన్నగా ఇంకెవరూ గీయలేరు. నాన్న ఏమీ అనకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిన్నది మాత్రం బస్సు దాకా వెంట వెళ్ళి మరీ అంది. "పో. మళ్ళీ మాకు నీ మొహం చూపించకు. ఫోన్ చేశావంటే చూడు!" అక్క చిన్నప్పటినుంచీ చెప్పిన మాట వినే మనిషి. ఫోన్ చెయ్యలేదు. ఇంట్లోనూ ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమే కొట్లోకి పగులు వచ్చింది.

జానెడు పొడవు, చివర పాము నాలుకలా రెండు చీలికలు. మొదట గోడకి ఆనించిన పెద్ద గాజు పలకలో కనిపించింది. మర్నాటికి పలక నున్నగా ఉంది, పగులు గోడలో ఉంది. ఆ పైన బొమ్మలకి రంగులు కలిపే పళ్ళెంలో. ఎవరూ చూడనప్పుడు కదిలేది. విడిచివెళ్ళిన చోట గీత కూడా మిగిలేది కాదు. చివరికి అత్త ఒక పాత కిటికీ అద్దాన్ని గుమ్మం పక్కన నిలబెట్టి, "ఇదీ నీ చోటు. బుద్ధిగా పడుండు," అని గట్టిగా చెప్పింది. పడుంది. వచ్చేపోయేవాళ్ళు కూడా అలవాటు పడ్డారు.

"ఇవాళ పగులు ఎక్కడుందండీ?" అని అడుగుతాడు పక్క కొట్టు దర్జీ, తన పెళ్ళి ఫొటో చంకలో పెట్టుకుని.

"గుమ్మం దగ్గరే నిద్రపోతోంది. రండి."

"జాగ్రత్తండోయ్, మా ఇద్దరి మధ్యకీ రాగలదు."

"మీ ఇద్దరి మధ్యా కొత్తగా దూరడానికి దానికి చోటెక్కడుంది నాయనా!" అంటుంది అత్త.

అలా ఏడాది పైనే సాగాక ఒకరోజు పేజీ ఆగిపోయింది.

412 దగ్గర. మర్నాడూ 412. ఆ మర్నాడూ అంతే. వైఫై పాడైందేమోనని చిన్నది దాన్ని ఆపి మళ్ళీ పెట్టింది. దర్జీ కొట్లో వైఫై అడుక్కుని చూసింది. 412. పొద్దున ఒక్కసారి చూసే మనిషి, గిరాకీ తల తిప్పినప్పుడల్లా సొరుగు లాగడం మొదలుపెట్టింది. ఎవరో పెద్దాయన ఫొటోకి అట్ట అంగుళం తక్కువ కోసేసింది. కట్టరు జారి బొటనవేలు తెగినా చూసుకోలేదు. జ్వరమా? జ్వరమైతే మంచంలో పడుకుని ఇంకా ఎక్కువ చదవాలి కదా. రోడ్డు దాటుతుంటే ఏమైనా...? ఆస్పత్రిలో పనిచేసే మనిషిని, ఆ మంచాల్లోనే ఒకదాని మీద పడుకోబెట్టారా? నాన్న ఫోన్ తీసేది. అంకెలన్నీ నోటికి వచ్చు. అన్నీ నొక్కేది. పచ్చ బొత్తాం దగ్గరికి వచ్చేసరికి వేలు కొయ్యబారిపోయేది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎత్తి, "మీరు ఆమెకి ఏమవుతారు?" అని అడిగితే?

అదే వారం పగులు కూడా తన చోట కుదురుగా ఉండడం మానేసింది. మొదట మంచినీళ్ళ గ్లాసులోకి వచ్చింది. తర్వాత అత్త కళ్ళజోడులోకి.

"ఒసేయ్, నాకు లోకం రెండు ముక్కలుగా కనిపిస్తోందే," అంది అత్త. "రెండింట్లోనూ నువ్వు పని చెయ్యకుండానే కూర్చున్నావు."

చిన్నది నవ్వలేదు. కళ్ళజోడులోంచి పగులు గడియారంలోకి పోయింది. గడియారంలోంచి కౌంటరు మీది అద్దంలోకి దిగింది. సరిగ్గా సొరుగుకి పైన ఆగింది.

చిన్నది సొరుగు లాగింది. రీడరుకి తువ్వాలు చుట్టింది. దూది కుక్కి రేకు డబ్బాలో పెట్టింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏదీ చాలదనిపించింది. ఉన్నది ఒక్క దారం, అది కూడా తెగిపోతే అక్క ఉందో లేదో చెప్పేదే ఉండదు. ఆఖరికి తనకి చేతనైన పని చేసింది. ఫ్రేము కట్టడానికి కూర్చుంది.

కొట్లో ఉన్నవాటిల్లోకల్లా దళసరి చెక్క తీసింది. దళసరి గాజు తీసింది. అంకె కళ్ళ ముందే ఉండాలని నవల తెరిచి, పెట్టె లేచాక, ఏదీ నొక్కకుండా అలాగే గాజు కింద పెట్టింది. వెనక రెండు పొరల అట్ట వేసి, మేకులు దిగేయడం మొదలుపెట్టింది.

"ఏం కడుతున్నావే?" అన్నాడు నాన్న తన బల్ల దగ్గర్నుంచి.

"ఏం లేదు."

"సందు వదిలావా?"

ఆ కొట్లో ఎవరైనా మొట్టమొదట నేర్చుకునేది అదే. గాజుని బిగించకూడదు. చుట్టూ నూలుపోగంత సందు వదలాలి, ఎండకి చెక్క ఒళ్ళు విరుచుకున్నా గాజుకి ఊపిరాడాలి. చిన్నది కొన్ని వందల ఫ్రేములకి ఆ సందు వదిలింది. ఈసారి వదల్లేదు. సందుంటే పగులు అందులోంచే దూరుతుంది.

"వదిలాను," అంది.

ఆఖరి మేకు మీద సుత్తి పడింది. లోపల ఎండుటాకు నలిగినంత చప్పుడు.

అత్త తలెత్తింది. కౌంటరు అద్దం తుడిచినట్టు శుభ్రంగా ఉంది. గుమ్మం పక్క అద్దమూ అంతే. "ఎక్కడికి పోయిందే ఇది?" అంటూ వెతికింది. ఆ తర్వాత చిన్నదాని మొహం చూసి వెతకడం మానేసింది.

చిన్నది మేకులు గోళ్ళతో పెరికింది, వేళ్ళకి రక్తం వచ్చేలా. మేకు దిగిన మూల నుంచి పగులు తెరలోకి వచ్చి, ఏటవాలుగా పాకి, పెట్టె మధ్యలో ఆగింది. తెర మీది అక్షరాలు అలాగే నిలిచిపోయాయి గానీ, నొక్కితే ఉలకలేదు, పలకలేదు. ఆమె నేల మీద కూలబడింది.

"పోనీలేవే, ఒక పుస్తకం పోతే..." అనబోయింది అత్త.

"నేను చదవట్లేదత్తా! ఒక్క పేజీ కూడా చదవలేదు. రోజూ అక్కని చూస్తున్నాను. అక్క ఆగిపోయింది. వారం పైనే అయింది, ఆగిపోయింది."

మాటలు తడబడుతూ అంతా చెప్పింది. అంకె సంగతి, అవునూ వద్దూ సంగతి, బస్సు దగ్గర తను అన్న మాట. నాన్న లేచి వచ్చాడు. వణికే చేతులతో రీడరు అందుకుని, కొలతలు చూసేటప్పటిలా కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"మొదటి పేజీ నుంచి."

నాన్న చాలాసేపు చూశాడు. "ఈ పైనున్నది నాలుగు వందల పన్నెండు. అడుగున చీమల్లా ఇదేంటి?"

చిన్నది కళ్ళు తుడుచుకుని చూసింది. "నేనున్న పేజీ నాన్నా. 412లో 1."

"అంటే మొత్తం నాలుగు వందల పన్నెండేగా. కొలత సరిపోయింది కదే. ఆగిపోవడమేంటి, పుస్తకమే అయిపోతేనూ!"

చదివే అలవాటున్న మనిషికి అది మొదటి రోజే తెలిసేది.

"అయినా విడ్డూరం కాకపోతే," అంది అత్త. "కూర్చుందంటే ఒక్క పూటలో పుస్తకం నమిలి మింగేసేది అది. రోజుకొక్క పేజీ ఏమిటి, మందుబిళ్ళ వేసుకున్నట్టు?"

చిన్నది తెర మీది అంకెకేసి మళ్ళీ చూసింది. అక్కా చదవడం లేదు. ఫోన్ చెయ్యకు అంది తను. పేజీ తిప్పకు అనలేదు. ఈ సొరుగులో ఎవరైనా చూస్తున్నారో లేదో తెలియకుండానే, రోజూ ఒకటి తిప్పింది. ఇప్పుడు తిప్పడానికి ఏమీ మిగల్లేదు. ఎక్కడో ఆఖరి పేజీ మీద కూర్చుని ఉంది. ఉందా?

నాన్న రీడరుని బల్ల మీద పెట్టి వెలుతురు వైపు తిప్పాడు. పగులు సరిగ్గా 'వద్దు' మీదుగా పోయింది, తప్పు మాటని కొట్టేసినట్టు. అక్కడితో ఆగి, రెండు చీలికలూ చాచి పడుకుంది. కదిలే ఉద్దేశం ఉన్నట్టు లేదు. పక్కన 'అవును' చెక్కుచెదరకుండా ఉంది.

చిన్నది దాని మీద వేలు పెట్టి నొక్కింది. పలకలేదు. ఇక ఆ మాట అనాలంటే నోటితోనే అనాలి.

ఎవరు ఎత్తినా సరే. ఏమవుతారని అడిగితే, చెల్లెలినని చెప్తుంది.

ఆమె చేతులు గుడ్డకి తుడుచుకుని లేచింది.

"ఫోనివ్వు నాన్నా," అంది.