చెయ్యెత్తితే ఆగాలి

రాజనర్సు మోచేయి తగిలిన చోట జమున దవడ మధ్యాహ్నానికల్లా వంకాయ రంగుకు తిరిగింది. పనిలో చేరి అది రెండో రోజు.

దెబ్బ కొట్టినవాడు కూడా సుఖంగా లేడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, తడిసిన లుంగీతో గోడకు ఆనుకుని నిలబడి, "తాకిందా బిడ్డా? గట్టిగ తాకిందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలాగని ఇంకో చెంబు పోయనిచ్చాడా అంటే, లేదు. జమునకన్నా ముందు ఇద్దరు ఆయాలు, దుక్కలాంటి ఓంప్రకాష్ ఒకడు, ఆ ముసలాయనకు స్నానం చేయించబోయి తలా ఒక దెబ్బ మూటగట్టుకుని పని మానేశారు.

భేస్తాన్‌లో ఉన్న ఆ వృద్ధుల ఇల్లు కులసంఘం వాళ్ళు కట్టించింది. ఊరు విడిచి వలస వచ్చి, జీవితమంతా సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి వయసు మీదపడ్డ తెలుగువాళ్ళు పదహారు మంది అక్కడ ఉంటారు. ఎవరి గది వాళ్ళది, వంట అందరికీ ఒక్కచోట. చేతకాని పనులకు ఇద్దరు ఆయాలు. చూసుకునే ఉమాకాంత్ ముప్పై ఏళ్ళు సాంచల ఖార్ఖానాలో మాస్టర్‌గా చేసి వచ్చాడు. అక్కడ ఒక్క మనిషికి ఎనిమిది సాంచలు. ఇక్కడ ఒక్క ఆయాకు ఎనిమిది మంది ముసలివాళ్ళు. ఆయనకు ఇందులో పెద్ద తేడా కనబడలేదు. పొద్దున ఆరింటికి స్నానాలు మొదలుపెడితే ఎనిమిదింటికి గోడమీది బోర్డులో ఎనిమిది టిక్కులు పడిపోవాలి.

రాజనర్సు పేరు పక్కన మూడు వారాలుగా టిక్కు లేదు.

"వాసన వరండా దాంక వస్తున్నది," అన్నాడు ఉమాకాంత్. "పక్క గదాయన అన్నం సుత తింటలేడు. శనివారం నాడు పరుశురాంను రమ్మన్న. పెద్దబాపును తీస్కపొమ్మని చెప్పిన."

పరుశురాం రాజనర్సు తమ్ముడి కొడుకు.

"ఆయన ఇల్లెంతున్నది మాస్టర్?"

"ఒక్క ఖోలీ. ఐదుగురు మనుషులు, పైన రేకులు. నాకు మాత్రం పాపమనిపియ్యదా? గని కొట్టెటోన్ని పెట్టుకుంటే ఆయాలను యాడికెల్లి తేవాలె నేను? ఇయ్యాల మంగళారం. శనివారంలోపు తానం చేయించి చూపియ్యి, ఉంచుకుంట."

చేయించి చూపించడానికి జమున దగ్గర ఉపాయమేమీ లేదు. ఆయనకు పిచ్చి అన్నారు అందరూ. ఒక్క సంగతి మాత్రం ఆమె మనసుకు ముల్లులా తగులుతూనే ఉంది. పిచ్చివాడు తన తువ్వాలను ఆయనలా అంచుకు అంచు కలిపి అంత పొందికగా మడత పెట్టడు. పిచ్చివాడు కొట్టినందుకు ఏడవడు.

బుధవారం సాయంత్రం వరండాలో రాజనర్సు అటు తిరిగి కూర్చుని అదే మడత పనిలో ఉన్నాడు. జమున చాయ్ కప్పుతో వెనక నిలబడి, "బాపూ, చాయ్!" అంది. పలకలేదు. నలభై ఐదేళ్ళ సాంచల మోతకు చెవులు ఎప్పుడో మూతబడ్డాయి. వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. ఊహూఁ. భుజం తట్టబోతుంటే ఎవరో ఆమె మణికట్టు పట్టి ఆపారు.

"ఇంకో దవడ సుత వాపుకుంటవా?"

ఎదుటి గది వెంకటవ్వ. ఒకప్పుడు ఖార్ఖానాలో నూలు కండెలు చుట్టిన మనిషి, నోటికి జంకు లేదు. ఆమె నెమ్మదిగా చుట్టూ తిరిగి వెళ్ళి, ముసలాయన చూపు పడేచోట నిలబడి చెయ్యి ఎత్తింది. ఎత్తి, అలాగే ఉంది. ఆయన మడత పూర్తిచేసి తలెత్తాడు. వెంకటవ్వ బొటనవేలు పెదాల దగ్గర పెట్టి చూపించింది. ఆయన రెండు వేళ్ళ మధ్య కొంచెం జాగా చూపించాడు. సగం కప్పు చాలట.

"గిదేందవ్వా?"

"ఖార్ఖానల మాట. గంత లొల్లిల ఎవలి నోరు ఎవలికి ఇనవడ్తది? మాకందరికి చేతులతోనే ముచ్చట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"సాంచ నడిపినోని బిడ్డవన్నరు గదనే. నీకు తెల్వదనుకుంటనా?"

జమునకు తెలుసు. తెలియకేం? పదేళ్ళప్పుడు నాన్నకు అన్నం డబ్బా తీసుకుని ఖార్ఖానాకు పోయి, వెనకనుంచి అంగీ పట్టి గుంజింది. ఆయన ఉలిక్కిపడి తిరిగి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ తర్వాత తన డబ్బాలోంచే ముద్దలు పెడుతూ చెప్పాడు: సాంచ నడిపేవాణ్ణి వెనకనుంచి ముట్టుకోకూడదు, ఉలిక్కిపడితే చెయ్యి పోగు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెకు అడ్డం పోతుంది, వేళ్ళు మిగలవు. ముందుకొచ్చి, చెయ్యెత్తి, చూసేదాకా ఆగాలి. పెళ్ళయ్యేదాకా డబ్బా తీసుకెళ్ళినప్పుడల్లా జమున అలాగే ఆగింది.

మరి స్నానాలగదిలో? కుళాయి గోడకు ఉంది కాబట్టి కుర్చీ గోడవైపు. ఆయా వెనక. వినబడని మనిషి మీద మొదట కేకలు, తర్వాత హఠాత్తుగా నెత్తిన చెంబెడు నీళ్ళు, వీపు మీద తడిచెయ్యి. ఆ ఇంట్లో సాంచల మధ్య పుట్టి పెరగనివాళ్ళు లేరు. అయినా ఆ గది గడప దాటగానే అందరికందరూ మరిచిపోయారు.

గురువారం జమున కుర్చీని తలుపువైపు తిప్పింది. బకెట్టు నింపి ముందుకు లాక్కుంది. రాజనర్సు లుంగీతో వచ్చి కూర్చుని, భుజాలు బిగించి దెబ్బకు సిద్ధమయ్యాడు. ఆమె ఎదురుగా నిలబడి చెయ్యెత్తింది. ఆయన చూశాడు. చెంబు చూపించి, ఆయన పాదాలు చూపించింది. చూపుడువేలు గుండ్రంగా తిప్పింది, మొదలుపెట్టనా అని.

తలూపాడు. పాదాల మీద నీళ్ళు పడ్డాయి.

వెంటనే అరచెయ్యి లేపాడు. బంద్. ఆమె ఆగింది. ఆయన వేలు తిప్పాడు, ఆమె పోసింది. మళ్ళీ అరచెయ్యి, మళ్ళీ ఆగింది. నాలుగోసారికి జమునకు అర్థమైంది. నీళ్ళు వేడని కాదు, చల్లనని కాదు. నిజంగా ఆగుతుందా లేదా అని పరీక్ష పెడుతున్నాడు. అయిదోసారి ఆపినప్పుడు ఆయన మొహంలో దొంగనవ్వు కనబడి ఆమెకూ నవ్వొచ్చింది. సబ్బు చూపించి, తన చెయ్యి చూపించి, ఆయన వీపు చూపించింది. రాజనర్సు కాసేపు ఆలోచించాడు. తర్వాత తనంతట తనే కుర్చీలో తిరిగి, ఆమెకు వీపు అప్పజెప్పాడు.

మూడు వారాల మట్టి వదిలించేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఎనిమిదింటికి బోర్డు మీద టిక్కులు అయిదే.

"ఒక్కనికి యాభై నిమిషాలా?" ఉమాకాంత్ బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మిగిలినోళ్ళు మనుషులు గారా?"

"కొత్త పడుగు ఎక్కిచ్చిన నాడు సాంచను తేజ్‌గ నడుపుతరా మాస్టర్? రేపటికి అరగంటైతది, ఎల్లుండికి ఇంక తగ్గుతది."

"నాకు పొద్దుగాల ఎందుకు తానం?" గదిలోంచే అందుకుంది వెంకటవ్వ. "నేనేమన్న డ్యూటీకి పోయేదున్నదా? ఎండపూట పోస్కుంట. నన్నెవలన్న అడిగిన్రా?"

ఉమాకాంత్ జమునవైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గింది. "నువ్వు ఛుట్టీ వెట్టిన నాడు? నీ ఒక్కదానికే లొంగితే లాభమేంది? శనివారం పరుశురాం వస్తడు, అంతే."

ఆయన మీద కోపం వచ్చింది గాని, మాట అబద్ధం కాదు. తను మంచాన పడితే ముసలాయన గతి మళ్ళీ మొదటికే. శుక్రవారం స్నానం ముప్పై నిమిషాల్లో అయిపోయినా జమునకు ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది.

శనివారం పొద్దున్నే పరుశురాం వచ్చాడు. ఖాళీ సంచి చంకలో మడిచిపెట్టుకుని, దాన్ని విప్పడం ఇష్టంలేనివాడిలా వరండాలో నిలబడ్డాడు. జమున తువ్వాల తీసుకెళ్ళి ఉమాకాంత్ చేతిలో పెట్టింది.

"ఇయ్యాల మీరు చేయించుండ్రి మాస్టర్. కొడితే తీస్కపోనీ."

"నేనా?"

"మీకు రాని సైగలున్నయా?"

పరుశురాం ముందు కాదనలేక ఉమాకాంత్ ప్యాంటు పైకి మడిచి లోపలికి పోయాడు. అలవాటుగా కుర్చీ వెనక్కి నడిచాడు. "ముందట, మాస్టర్," అంది జమున గుమ్మంలోంచి. ఆయన ముందుకొచ్చి చెయ్యెత్తాడు.

ఎదురుగా మాస్టర్‌ను చూడగానే రాజనర్సు మొహం ముడుచుకుంది. ఖార్ఖానాలో మాస్టర్ వేలు ఎప్పుడూ ఒక్క తీరే తిరుగుతుంది, నడుపు నడుపు అని. ఆపమని కూలివాడు చెయ్యెత్తితే చూసిన మాస్టర్ ఎవడు?

పాదాల మీద నీళ్ళు పడ్డాయి. అరచెయ్యి లేచింది.

"అయిపాయె, అయిపాయె," అంటూ ఉమాకాంత్ పోస్తూనే ఉన్నాడు. ముసలాయన భుజం బిగుసుకుంది. మోచేయి వెనక్కి పోయింది. పరుశురాం ఒక అడుగు ముందుకేశాడు. ఆగమని అరవబోయి జమున పెదవి కొరుక్కుంది. తను చెప్పి ఆపిస్తే అది మాస్టర్ ఆగినట్టు కాదు.

ఉమాకాంత్ కళ్ళు ఆ అరచేతి మీద పడ్డాయి. ముప్పై ఏళ్ళలో ఎన్ని అరచేతులు అలా లేస్తే చూడనట్టు పోయాడో ఆయనకే తెలియాలి. చెంబు నిటారుగా అయింది. నీళ్ళు ఆగాయి.

రాజనర్సు చెయ్యి దించలేదు. ఒక నిమిషం అలాగే ఉంచాడు. ఉమాకాంత్ చెంబు పట్టుకుని, మోచేతిదాకా తడిసి నిలబడ్డాడు. ఆఖరికి ముసలాయన మోచేయి కిందికి దిగింది, వేలు తిరిగింది. పోశాడు. మళ్ళీ అరచెయ్యి. ఈసారి ఉమాకాంత్ చటుక్కున ఆగాడు. మూడోసారి ఆపి, రాజనర్సు తన వేళ్ళు బకెట్టులో ముంచి చూసుకుని, ఇల్లంతా వినబడేలా అన్నాడు:

"నీళ్ళు సల్లగైనయి మాస్టర్! ఇంకో బకెట్ వట్టుకరాపో."

వరండాలో వెంకటవ్వ పకపకా నవ్వింది. ఉమాకాంత్ బకెట్టు ఎత్తుకుని బయటికొచ్చాడు. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ పరుశురాంను చూసి విసుక్కున్నాడు.

"జర పక్కకు జరుగు. నీకు డ్యూటీ లేదా? పో. మీ పెద్దబాపుకు ఈడ ఇంక చాన సేపు వడ్తది."