ఎర్రతీగకు తగిలించిన ఉలి

నేను ఒక చిన్న ఉలిని. జానెడు కూడా ఉండను. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే మౌనాచారి తన ఇరవయ్యో ఏట అరిగిపోయిన ఉక్కు ఆకురాయి ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, సానబట్టి నన్ను తయారుచేశాడు. టేకు చెక్క మీద పెద్ద గీతలన్నీ మిగతా ఉలులవి. నెమలి కన్ను, తీగ చివరి మొగ్గ నావి. చీర కట్టుకుని అద్దంలో చూసుకునేవాళ్లు రంగును మెచ్చుకుంటారు గానీ, ఉలిని తలుచుకున్న మనిషిని నేనింతవరకూ ఎరగను. అందుకు నాకు బాధ లేదు. మౌనాచారి చెయ్యి నాకు చాలు.

ఆ చెయ్యి రెండేళ్ల కిందట పడిపోయింది. పక్షవాతం కుడివైపుతో పాటు మాటను కూడా పట్టుకుపోయింది. కూతురు సుభాషిణి ఆయన పీట మీద కూర్చుంది. మొదట్లో నన్ను నొక్కి పట్టుకునేది. పోనుపోను తేలిగ్గా పట్టడం నేర్చుకుంది.

ఈ వానాకాలం ఇంట్లోకి వరద నీళ్లొచ్చాయి. పనిముట్ల పెట్టె ఆరు రోజులు బురదలో ఉండిపోయింది. పైకి తీసేసరికి మా ఆరు ఉలులకూ తుప్పు పొరలు కట్టింది. అచ్చులు ఉబ్బి పగిలిపోయాయి. అద్దకంవాళ్లు కొత్తవాటి కోసం కబురు మీద కబురు పెడుతున్నారు. గీకితే మొనలు పోతాయని సుభాషిణికి భయం.

బ్యాటరీలు బాగుచేసే మస్తాన్ వలి వచ్చి ఉపాయం చూపించాడు. బకెట్ నీళ్లలో బట్టల సోడా కలిపి, ఒకవైపు పాత ఇనపకమ్మీ, ఇంకోవైపు మాలో పెద్ద ఉలిని వేలాడదీసి, ఛార్జర్ తీగలు తగిలించాడు.

"నల్లతీగ పనిముట్టుకి, ఎర్రతీగ పాత కమ్మీకి. గుర్తెట్టుకో అమ్మాయ్. తిరగేశావంటే పనిముట్టునే తినేసుద్ది."

స్విచ్ వేయగానే ఉలి చుట్టూ సన్నని బుడగలు లేచాయి. సాయంత్రానికి తుప్పు నల్లటి మడ్డిలా ఊడొచ్చింది. మంచం మీద నుంచి మౌనాచారి అంతా కళ్లప్పగించి చూశాడు.

మర్నాడు పొద్దున నా వంతు. సుభాషిణి అప్పటికే వాకిట్లో బురద ఎత్తి ఎత్తి అలిసిపోయి ఉంది. ఆ తొందరలో ఎర్రతీగ నాకు తగిలించింది. స్విచ్ వేసి, పార పట్టుకుని బయటికి పోయింది. బుడగలు ఎదుటి కమ్మీ చుట్టూ నురగలా లేచాయి. నా అంచు నుంచి ఏదో కరిగి జారిపోతోంది. అది తుప్పు కాదు, నేనే.

అరవడానికి నాకు నోరు లేదు. నోరున్న మౌనాచారికి మాట లేదు. ఆయన చూశాడు. ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టాడు. గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. సుభాషిణి పరిగెత్తుకొచ్చింది.

"ఏంటి నాన్నా? దాహమా?"

గ్లాసు పెదాలకు ఆనించింది. ఆయన తల తిప్పేశాడు. నీళ్లు మెడ మీదికి కారాయి. ఆమె చెంగుతో తుడుస్తుంటే ఆయన చూపు బకెట్ మీదే ఉంది.

"అదా? దాని గురించి దిగులెందుకు నాన్నా. సాయంత్రానికి తళతళలాడుద్ది నీ ఉలి."

దిండు సర్ది వెళ్లిపోయింది. ఆయన ఇంకో రెండుసార్లు పట్టె కొట్టాడు. పార చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. ఆ తర్వాత చేసేదేమీ లేక ఒకరినొకరం చూసుకుంటూ ఉండిపోయాం. నా చుట్టూ నీళ్లు టీ రంగుకు తిరిగాయి.

సాయంత్రం ఆమె నన్ను పైకెత్తింది. మొన లేదు. చెదలు తిన్న పుల్లలా మిగిలాను. ఆమె వేళ్లు తీగ వెంట వెళ్లి, దాని రంగు చూసి ఆగిపోయాయి.

"దాహం కాదు గదా నాన్నా... పొద్దున నువ్వు చెప్పింది ఇదే గదా."

ఆయన అవునన్నట్టు రెప్పలు వాల్చాడు. సుభాషిణి కింద కూలబడి, మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చింది. నాలాంటి ఉలిని చేయడం ఆ ఇంట్లో ఆయనకొక్కడికే తెలుసు. చేసి చూపించే చెయ్యి లేదు, చెప్పే మాటా లేదు.

మర్నాడు ఆమె మంచాన్ని బకెట్ దగ్గరికి జరిపింది. నన్ను కిటికీలో పెట్టి, మూడో ఉలికి నల్లతీగ తగిలించింది. స్విచ్ మీద వేలుంచి, "ఇలాగేనా నాన్నా?" అని అడిగింది. ఆయన రెప్పలు వాల్చేదాకా ఆగింది.

మిగిలిన మూడింటికీ అలాగే అడిగింది. ప్రతిసారీ సరిగ్గానే తగిలించింది. అయినా అడిగింది.