కేళు పెరువణ్ణాన్ వెన్నులో సూది

మగవాళ్ళ వార్డులో పదకొండో మంచం మీద కేళు పెరువణ్ణాన్ రెండు చేతులతో ఇనప పట్టీ పట్టుకుని కూర్చున్నాడు. దేవుడే ఒంటిమీదికొచ్చే తెయ్యం వేషం కట్టడంలో కణ్ణూరుకి ఉత్తరాన ఆయన్ని మించినవాడు లేడు. నడుముకి కొబ్బరాకులు చుట్టుకుని, రగిలే నిప్పుల కుప్ప మీద పడి, లేచి, మళ్ళీ పడే దేవుడు ఆయనే. అంతటి మనిషి ఇప్పటికి రెండుసార్లు ఆపరేషన్ గదిదాకా వెళ్ళి, వెన్నులో గుచ్చే మత్తు సూది చూసి, వెనక కట్లు ఊడిన పచ్చ గౌనుతో వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. చూసినవాళ్ళు కళ్ళు మూసుకోవాలో దణ్ణం పెట్టాలో తెలియక రెండూ చేశారు.

"మూడోసారి పారిపోతే నావల్ల కాదు, కోళిక్కోడు పెద్దాసుపత్రికి రాసిచ్చేస్తా" అని డాక్టర్ హమీద్ పొద్దున్నే తేల్చేశాడు. కోళిక్కోడులో వంతు రావాలంటే నాలుగు నెలలు. ఇప్పుడు కర్కాటక మాసం. ఇవాళ హెర్నియా కుట్టించుకుంటేనే మూడు నెలల్లో తెయ్యాలు మొదలయ్యే తులామాసానికి బరువు మొయ్యగలడు. లేకపోతే తాతల నాటినుంచి వాళ్ళ ఇంటిదైన భగవతి కిరీటం ఈ ఏడు ఇంకెవరి నెత్తికో ఎక్కుతుంది. ఆ మాట తలుచుకుంటే పాపం ఆయనకి కంటిమీద కునుకు లేదు.

ఇక ఆయన్ని బల్ల ఎక్కించే భారం మెర్సీకుట్టి సిస్టర్ మీద పడింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆవిడది. సూది వేయించుకునేవాడు చేపలమ్మేవాడైతే, మత్తి చేప తాజాదో కాదో ఎలా కనిపెట్టాలని అడుగుతుంది. బీడీలు చుట్టేవాడైతే ఆకు కత్తిరించడం నేర్పమంటుంది. వాళ్ళు పాఠం చెప్పే హడావిడిలో ఉండగా సూది దిగి, బయటికొచ్చి, చెత్తబుట్టలో పడుతుంది. ఈ విద్య పెరువణ్ణాన్ దగ్గర మాత్రం రెండు రోజులుగా పారలేదు.

"నిప్పుల్లో దూకే మనిషికి ఇంత సూదంటే భయమేంటండీ?" అంది బీపీ చూస్తూ.

"నిప్పుల్లో దూకేది నేనా సిస్టరూ? దేవుడు. దూకేదీ ఆయనే, లేచేదీ ఆయనే. అంతా అయ్యాక నేను మజ్జిగ తాగుతాను. ఇక్కడికి నేనొక్కణ్ణే రావాలి."

ఆ మాటని ఆయన భార్య జాను అందుకుంది. "కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏటి అవతలికి వినపడేలా అరుస్తాడు సిస్టర్! దేవుడి పరువు తీస్తున్నాడీ మనిషి!"

ఇంతలో పక్క మంచం కుర్రాడి అమ్మమ్మ, మాధవి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. ఆయన వేషంలో లేడని గానీ, గౌను వేసుకున్నాడని గానీ ఆ ముసలమ్మకి పట్టింపు లేదు. "దేవుడా, ఈ మోకాలు నన్ను చంపేస్తోందయ్యా" అని, తెయ్యానికి ఊళ్ళో అందరూ బాధలు చెప్పుకున్నట్టే మొదలెట్టింది.

అంతే, పెరువణ్ణాన్ ఇనప పట్టీ వదిలేశాడు. ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, తల బాగా వంచి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. "నేను లేనా తల్లీ" అన్నాడు. వీపు విల్లులా వంగింది. మనిషి కదల్లేదు. వెన్నులో సూదికి కావాల్సింది సరిగ్గా అదే.

'ఓహో, ఇదా సంగతి!' అనుకుంది మెర్సీకుట్టి.

పదింటికి ఆయన్ని బల్లమీద కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టారు. డాక్టర్ వెనక, మెర్సీకుట్టి ఎదురుగా. ఆయన కుడికాలు అప్పుడే నేల కోసం వెతుకుతోంది.

"పెరువణ్ణాన్ గారూ, నా బాధొకటి వింటారా?"

"ఇప్పుడా?"

"మరింకెప్పుడు? నాకు సెలవులెక్కడ ఏడ్చాయి?"

తెయ్యం ఎవరినైనా వాళ్ళ ఇంటిపేరుతోనే పలకరించాలి. కోట్టయం నుంచి వచ్చిన ఈ క్రైస్తవుల పిల్లని ఏమని పిలవాలో ఆయనకి క్షణం తోచలేదు. తర్వాత ఆమె రెండు చేతులూ అందుకుని, "చెప్పు, కొండమీది రబ్బరుతోట ఇంటి బిడ్డా" అన్నాడు.

"మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయండీ. మా ఆయన గురకకి బెదిరిపోయుంటాయి."

ఆయన కొంచెం వంగాడు. చాలదని డాక్టర్ సైగ చేశాడు. మెర్సీకుట్టి గొంతు తగ్గించింది. కానీ రెండో అబద్ధం సమయానికి అందలేదు. నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది.

"మా అమ్మ పోయి మూడేళ్ళయింది. వరద రోజులు. డ్యూటీ మారేవాళ్ళు రాలేదు. నేనిక్కడ ఎవరెవరి చేతులో పట్టుకుని కూర్చున్నాను. అక్కడ మా అమ్మ చెయ్యి పట్టుకునే దిక్కు లేదు."

ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఊరంతటి బాధా విన్న మనిషికి తన బాధ చెప్పుకునే వీలే దొరకలేదు. మాస్కు లోపల ముక్కు కారుతోంది. తుడుచుకుందామంటే రెండు చేతులూ ఆయన దగ్గరే ఉన్నాయి.

పెరువణ్ణాన్ నుదురు ఆమె భుజానికి ఆనింది.

"ఏడవకు బిడ్డా. ఆ రోజు నీ చెయ్యి దొరికినవాళ్ళకి వాళ్ళమ్మే వచ్చినట్టు ఉండి ఉంటుంది. నిన్ను కన్నతల్లికి ఆ మాత్రం తెలియదా? నీమీద కోపం పెట్టుకుని పోయుండదు. మంచి జరుగుతుంది. నేనున్నాను."

ఆ మాట తర్వాత ప్రసాదంగా పసుపు ఇవ్వడం అలవాటు. చెయ్యి దానంతటదే పక్కకి పోయి, ట్రేలో తగిలిన దూదిముద్ద తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"అయ్యో అయ్యో, ట్రే ముట్టుకోకండి!" డాక్టర్ కేకేశాడు.

"సరే, ముట్టుకోను. ఇంతకీ సూది ఎప్పుడు?"

"అయిపోయింది. ఏదీ, ఆ కుడికాలు ఎత్తండి చూద్దాం."

కాలు లేవలేదు. పెరువణ్ణాన్ దానివంక ఎవరిదో కాలన్నట్టు చూశాడు. ఆమె చెయ్యి పట్టుకునే ఉన్న ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి డాక్టర్ హమీద్ గట్టిగా నవ్వాడు. "ఏం నటన సిస్టర్! నిజంగానే ఏడ్చేశారు!"

"నటన అంటారేంటి డాక్టరూ?" పెరువణ్ణాన్‌కి కోపమొచ్చింది. "నలభై ఏళ్ళుగా జనం బాధలు వింటున్నాను, ఆమాత్రం తెలీదా? కోళ్ళ సంగతి అబద్ధం. రెండోది కాదు."

డాక్టర్ నవ్వు ఆగిపోయింది. చేతి తొడుగులు సర్దుకుని, "ఆ చెయ్యి వదలండి పెరువణ్ణాన్. కత్తులు అందించడానికి నాకు సిస్టర్ కావాలి" అన్నాడు.

"ఇంకో సిస్టర్ని పిలుచుకోండి" అన్నాడు పెరువణ్ణాన్.

డాక్టర్ మెర్సీకుట్టి వంక చూశాడు. చెయ్యి విడిపించుకునే ప్రయత్నమేదీ ఆవిడ చెయ్యడం లేదు. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి ఇంకో సిస్టర్ని పిలిచాడు.