నిమిషానికి అరవై అయిదు

శాస్త్రీయ సంగీతం వినడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకు ఆ గ్రంథాలయంలో ఒక్కడే దిక్కు, రికార్డింగుల విభాగం అధికారి. సంగీతమంటే చెవి కోసుకుంటాడు. కోపం మాత్రం ముక్కుమీదే ఉంటుంది. కొత్తగా వచ్చింది ఎవరైనా సరే, వరసగా మూడే మూడు క్యాసెట్లు ఇస్తాడు. మొదటిది అరగంట వయొలిన్. రెండోది ఒక పెద్దావిడ నింపాదిగా పాడిన గాత్రం. మూడోది ఏ దుకాణంలోనూ దొరకదు. దానిమీద ఆయన చేత్తో రాసి ఉంటుంది: "ఇలా పాడకూడదు." కీచుగొంతు, పరిగెత్తే తాళం. మంచిదేదో తెలియాలంటే చెడ్డదీ వినాలని ఆయన సిద్ధాంతం.

ఆ గొంతు ఆయన సొంత చెల్లెలిది. ఆ సంగతి ఎవరికీ చెప్పడు. ముప్పై రెండేళ్ళ కిందట, ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు, సంగీత కళాశాలకు పంపడానికి ఇంటి హాల్లోనే రికార్డు చేశాడు. మెషిన్ ఎవరినో బతిమాలి తెచ్చాడు. మర్నాడు చెల్లెల్ని గ్రంథాలయంలో తను పనిచేసే ఈ గదికే తీసుకొచ్చి పెద్ద మెషిన్ మీద వేశాడు. సగం విని, ఆపేసి, "ఇది పంపితే పరువు పోతుంది" అన్నాడు. ఆమె మారుమాట్లాడలేదు. మళ్ళీ పాడనూ లేదు. బళ్ళో లెక్కల టీచరైంది.

ఈసారి వచ్చిన కొత్త శ్రోత గడియారాలు బాగుచేసేవాడు.

"వయొలిన్ ఎలా ఉంది?" అనడిగాడు అధికారి, మొదటి క్యాసెట్ వెనక్కి తీసుకుంటూ.

"బావుందండీ. పధ్నాలుగో నిమిషంలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. చుక్క నూనె వేస్తే పోయేది."

రెండోది తిరిగి తెచ్చినప్పుడు, ఆ పెద్దావిడ పదకొండుసార్లు పేజీ తిప్పిందన్నాడు.

"నీ చెవులకో దండమయ్యా! పాట తప్ప అన్నీ విన్నావు."

"అలవాటైపోయిందండీ. మా ఆవిడ తిట్లు కూడా వినపడవు, ఆ వెనకాల ఫ్యాను బేరింగే వినపడుతుంది."

వీడికి సంగీతం ఈ జన్మలో ఎక్కదని తీర్మానించుకుని, అయినా పద్ధతి ప్రకారం మూడోది చేతిలో పెట్టాడు అధికారి.

నాలుగు రోజులకు వచ్చాడతను. క్యాసెట్ బల్లమీద పెట్టి కాసేపు నసిగాడు.

"ఇందులో ఓ గడియారం కొట్టుకుంటోందండీ. ఎవరిది?"

"మా నాన్నగారిది. హాల్లో ఉండేది, మనిషంత ఎత్తు. అయితే ఏం?"

"టైము సరిగ్గా చూపించేదా?"

"రోజూ రేడియోతో సరిచూసేవారు. నిమిషం తేడా వస్తే ఇల్లు పీకి పందిరేసేవారు."

"అంతటి గడియారమైతే నిమిషానికి అరవై కొట్టాలండీ. నేను మూడుసార్లు లెక్కపెట్టా. ఇందులో అరవై అయిదు కొడుతోంది. అంటే రోజుకి రెండు గంటలు ముందుకెళ్ళిపోవాలి. మీ నాన్నగారు ఊరుకునేవారా?" అని, మెల్లగా, "గడియారం తప్పు కాదండీ. పాడినావిడ తప్పూ కాదేమో. రికార్డు చేసిన మెషిన్ నెమ్మదిగా తిరిగుంటుంది. మంచి మెషిన్ మీద వేస్తే టేపు పరిగెడుతుంది" అన్నాడు.

అధికారి లేచాడు. వేగం తగ్గించే మీట ఉన్న మెషిన్ మీద క్యాసెట్ వేసి, చేతి గడియారం చూసుకుంటూ టిక్కుటిక్కులు అరవైకి వచ్చేదాకా తిప్పాడు. కీచుదనం పోయింది. గొంతు నిండుగా, నిదానంగా, ఎక్కడా తొణక్కుండా నడిచింది. అంత మంచి గొంతును ముప్పై రెండేళ్ళుగా ఊరందరికీ చెడ్డదని చూపించానని ఆయనకు తెలిసొచ్చింది.

సాయంత్రం ఆ మెషిన్ చంకలో పెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళాడు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మెషిన్ ఆమె ముందు పెట్టి, పాట మొదలవగానే గబగబా సంగతంతా చెప్పేశాడు. ఆమె ఎర్రపెన్ను మూత పెట్టి వింది.

"తాళం తప్పలేదని నాకు అప్పుడే తెలుసన్నయ్యా," అంది.

"తెలుసా! మరి చెప్పలేదేం?"

"నా గొంతు నాకు తెలియదా? నువ్వు నన్ను అడగలేదు. టేపుని అడిగావు."

ఆయన తల దించుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ఆ మాట చాలదని ఆయనకే తెలుసు.

ఆమె పరవాలేదనలేదు. పేపర్ల కట్ట పక్కకు జరిపింది.

"మొదట్నుంచి పెట్టు. ఆ రోజు సగంలోనే ఆపేశావు."