ముద్ర పడిన ఇళ్లకు వచ్చే ఉల్లంకులు

ఆ కాగితం మీద అమ్మ పేరు ముద్ర కొట్టింది సోల్హీయే. ఈ మాట పదకొండేళ్లుగా ఎవరితోనూ అనలేదు.

ఆ పూట అమ్మ గుల్లలు గీరే ఇనప చట్రం నడుముకు కట్టుకుని బురదలోకి వెళ్లింది. పసుపు సముద్రానికి అడ్డంగా గోడ కడతాం, ఒప్పుకున్నట్టు ఇంటికో ముద్ర కావాలంటూ ఒక మనిషి కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సోల్హీకి అప్పుడు పంతొమ్మిది. ఆ బురదన్నా, అమ్మ చేతుల వాసనన్నా రోత. బియ్యం డబ్బాలోంచి, సంతకానికి బదులు కొట్టే అమ్మ పేరు ముద్ర తీసి, ఎర్ర సిరా అద్ది, కొట్టేసింది.

గోడ లేచింది, బురద ఎండింది. ఆస్ట్రేలియా నుంచి సైబీరియా పోతూ దారిలో అక్కడ కడుపు నింపుకునే ఉల్లంకి పిట్టలు దిగే చోటు లేక, ముద్ర కొట్టిన ఇళ్లలో దిగసాగాయి. ఏటా ఏప్రిల్‌లో, ఒకప్పుడు నీళ్లు వెనక్కి తీసే వేళకు, మూసిన తలుపుల్లోంచే వస్తాయి. గచ్చును టకటకా పొడిచి, ఏమీ దొరక్క, అలా నిలబడి ఉంటాయి. ఊళ్లోవాళ్లు ఆ వేళకు పరుపులు చుట్టేసుకుంటారు.

మొన్న ఆదివారం సోల్హీ ఊరికి వెళ్లేసరికి పక్కింటి గప్‌రే గుమ్మంలో ఉంది.

"గోడ వద్దని గొంతు చించుకున్నావ్, నీ ఇంట్లోనే పిట్టల మంద ఎక్కువ కదే సోల్హీ అమ్మా!"

అమ్మ నవ్వింది. గప్‌రే వెళ్లాక, బజారులో కొన్న గుల్లల పులుసు కూతురికి వడ్డిస్తూ అంది:

"ఇన్నాళ్లూ ముద్ర కొట్టలేదనే వాదించాను. పిట్టలకేం పట్టిందే అబద్ధమాడ్డానికి? నేనే కొట్టి మర్చిపోయుంటాను. బుర్ర పోతోంది. ముసలాళ్ల ఆసుపత్రిలో మంచం మాట్లాడుకున్నా. రేపు తొమ్మిదింటికి వ్యాను పంపుతారట."

"బుర్రకేమైందమ్మా, బానే ఉన్నావుగా?"

"బాగున్నదాన్నయితే ఇవెందుకొస్తాయే?"

కాళ్ల దగ్గర ఒక పిట్ట, ఎముకలు లెక్కపెట్టేంత బక్కది, ఖాళీ నేలను పొడుస్తోంది. సోల్హీ పులుసు తాగింది. "అక్కడ వేణ్నీళ్లుంటాయిలే" అంది. సాయంత్రం బస్సుకి తను పనిచేసే చొంజు పట్నానికి వచ్చేసింది.

సోమవారం పొద్దున పనికి బయల్దేరుతూ ఒక కాలికి బూటు తొడిగింది. వెనక టక్‌మని చప్పుడైంది. మూడో అంతస్తు అద్దె గది, ఊరికి గంటన్నర దూరం. గది మధ్యలో ఉల్లంకి నిలబడి ఉంది. ఈ గది పేరున ఏ ముద్రా లేదు. ముద్ర కొట్టిన చెయ్యి మాత్రం ఇక్కడే ఉంది.

ఎనిమిదీ నలభై.

రెండో బూటు అక్కడే వదిలేసి ఫోను తీసింది. ఎవరూ అని అమ్మ అడిగేలోపే చెప్పెయ్యాలి.