కోచ్ పక్క కుర్చీ

భోజన్న బంతిని తల ఎత్తు నుంచి వదిలాడు. అది నడుము దాటి లేచింది. గాలి సరిపోయింది. దాన్ని సంచిలో వేసి ఇంకోటి అందుకున్నాడు.

పొడగరి. ఎండిన తుమ్మకొయ్యలాంటి ఒళ్లు. కుడిచేతి చిటికెనవేలు ఎప్పుడో బంతి తగిలి వంగిపోయి, అలాగే అతుక్కుంది. మీసం ఒకవైపే నెరిసింది. జెద్దాలోని ఆ కాలేజీ హాలులో అతను అసిస్టెంట్ కోచ్. నివాస అనుమతి కార్డు ఇకామా మీద మాత్రం ఇప్పటికీ ‘ఆమిల్’ అనే ఉంది. అంటే కూలీ.

అది అబద్ధం కాదు. అతను కూలీగానే వచ్చాడు. అంతకుముందు ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో వ్యాయామం నేర్పేవాడు. నిజామాబాద్ జిల్లా జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడాడు. బడి జీతంతో ఇల్లు గడవక వీసా తీసుకున్నాడు. కంపెనీ అతణ్ణి ఈ హాలుకే పంపింది. మోకాళ్ల మీద కూర్చుని చెక్క నేల పరిచిన కూలీల్లో అతనొకడు. ఒకరోజు భోజనాల వేళ అందరూ నిద్రపోతుంటే వట్టి కాళ్లతో బంతి వేస్తున్నాడు. అమెరికన్ కోచ్ మర్ఫీ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత కాలేజీ వాళ్ల వెంటపడి, అతని కఫాలత్, అంటే పూచీ, కంపెనీ నుంచి కాలేజీకి మార్పించి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నిర్మల్‌లో అతని భార్య సీతాబాయి ఈ సంగతి కూరగాయలమ్మేవాళ్లక్కూడా చెప్పింది. మా ఆయన అరబ్బు పోరలకు బంతి నేర్పుతడు అని.

పక్కన కూర్చోవడం అంటే కూర్చోవడమే. ఆట నడుస్తుండగా బెంచీ ముందు నిలబడేది కోచ్ ఒక్కడే. ఆటగాణ్ణి మార్చమని అడిగేదీ అతనే. కోచ్ లేకపోతే ఆ హక్కు కెప్టెన్‌ది. అసిస్టెంట్‌ది ఎప్పుడూ కాదు. భోజన్న ఆరేళ్లుగా కుర్చీ అంచున, మునివేళ్ల మీద బరువు మోపి కూర్చునేవాడు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మర్ఫీ దొరికిన మొదటి విమానం ఎక్కాడు. ఆ రోజుల్లో కొత్త కోచ్ ఎవరొస్తారు? కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. భోజన్న పక్క కుర్చీలోంచే జట్టును నడిపాడు. అతని కళ్లు చదివి మార్పులు అడిగేది కెప్టెన్ సలీం. ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చింది.

సలీం యెమెనీ. పుట్టింది, పెరిగింది జెద్దాలోనే. యెమెన్ ఇరాక్ వైపు మొగ్గిందని, ఆ శరత్కాలం యెమెనీలందరికీ పూచీ పడే కఫీల్ ఉండాలన్నారు, లేకపోతే దేశం విడవాలన్నారు. వాళ్ల నాన్న కిరాణా కొట్టు వచ్చినకాడికి అమ్మేశాడు. ఇంటి సామాను లారీ రేపు తెల్లవారుజామున బయల్దేరుతుంది.

ఫైనల్ ఈ సాయంత్రం, ఈ హాలులోనే.

పొద్దునే క్రీడల మేనేజర్ భోజన్నను పిలిపించాడు. సలీం బెంచీ మీద కూర్చోవచ్చు కానీ నేల మీద కాలు పెట్టకూడదన్నాడు. పెడితే నీకూ ఎగ్జిట్ కొట్టించి దేశం దాటిస్తానన్నాడు. నిర్ణయాలు కోచ్‌వి, నువ్వు కోచ్‌వి కావు అని కూడా అన్నాడు.

జట్టు బస్సు నడిపే జమాలుద్దీన్‌ది బోధన్. ఆటగాళ్లను ఇళ్ల నుంచి తేవడానికి వెళ్లే దారిలో భోజన్న అతనికి విషయం చెప్పాడు.

“నీకెందుకు లొల్లి అన్నా?” అన్నాడు జమాలుద్దీన్. “ఆడెట్లైనా పోతడు. నువ్వైతే ఉండాలె గదా.”

“ఉండి ఏం జెయ్యాలె? బంతులకు గాలి కొట్టాల్నా?”

“కొట్టు. అందుకే గద జీతమిస్తున్నరు. రోషానికి ఎవ్వడియ్యడు.”

భోజన్న నవ్వాడు.

ఆట మొదలైంది. కొత్త కెప్టెన్ నవాఫ్ గట్టివాడే. కానీ బెంచీ వైపు చూడడం అలవాటు లేదు. భోజన్న కళ్లు ఎంత మాట్లాడినా అటునుంచి జవాబు లేదు. సలీం తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని తల దించుకుని కూర్చున్నాడు. రెండో సగంలో జట్టు బాగా వెనకబడింది. అప్పుడే మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆట ఆగింది. ఆటగాళ్లు, రిఫరీలు, ప్రేక్షకులు, జమాలుద్దీన్, అందరూ నమాజుకు వెళ్లారు.

హాలులో భోజన్న ఒక్కడే మిగిలాడు. ఎప్పుడూ ఇలాంటి వేళల్లో చెమట పడ్డచోట్ల నేల తుడుస్తూ ఉండేవాడు. ఈసారి గుడ్డ తీయలేదు. కోర్టు మధ్యకి నడిచాడు. ఇక్కడి చెక్కల్లో చాలావాటికి మేకులు కొట్టింది తనే. ఈ నేల మీద ఎవరు కాలు పెట్టాలో చెప్పడానికి తను కోచ్ కాడు. సరే. మరి ఆ ఖాళీ కుర్చీలో ఎవరున్నారు?

అందరికంటే ముందు సలీం తిరిగొచ్చాడు. ముఖం ఇంకా తడిగా ఉంది.

“జమాలుద్దీన్ అంతా చెప్పాడు కోచ్, నేను కూర్చునే ఉంటాను,” అన్నాడు అరబ్బీలో. “మీ అన్నం పోగొట్టి నేను వెళ్లలేను.”

“ఇంతసేపు కూర్చున్నావు, మోకాలు ఎలా ఉంది?” అన్నాడు భోజన్న తనకొచ్చిన అరబ్బీలో.

“బాగానే ఉంది.”

“అయితే వార్మప్ మొదలుపెట్టు.”

అందరూ తిరిగొచ్చాక భోజన్న స్కోరర్ బల్ల దగ్గరికి వెళ్లి మార్పు కావాలన్నాడు. స్కోరర్ ఒక సూడానీ మాస్టారు. కాగితం చూసి, కోచ్ పేరు రాసే చోటు ఖాళీగా ఉందన్నాడు. కోచ్ ఎవరని అడిగాడు.

“నేనే.”

కలం తీసుకుని, వంకర వేలు అడ్డొస్తున్నా, ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు రాశాడు. తిరిగొచ్చి కూర్చోలేదు. మిగతా ఆటంతా నిలబడే ఉన్నాడు.

సలీం దిగాక జట్టు ఊపిరి మారింది. పాయింటు వెనక పాయింటు తేడా కరిగింది. చివరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనక. బంతి సలీం చేతిలో. ఇద్దరు అతని మీద పడ్డారు. తన ఆఖరి ఆట కదా, తనే వేస్తాడని అందరూ అనుకున్నారు. అతను మూలకి చూడకుండానే మూలకి విసిరాడు. అక్కడ నవాఫ్ ఒంటరిగా ఉన్నాడు. నవాఫ్ వేశాడు. బంతి వలలోంచి జారింది.

భోజన్న గంతులు వేయలేదు. ఆ పాస్ కోసం రెండేళ్లు సలీంను తిట్టాడు. చేతులు వెనక కట్టుకుని, హాలంతా తనదే అన్నట్టు నిలబడ్డాడు.

మేనేజర్ మెట్లు దిగి వచ్చాడు. పొద్దున ఆఫీసుకు రమ్మన్నాడు. అంతే.

లారీ తెల్లవారకముందే దక్షిణానికి వెళ్లిపోయింది. ఆ వారంలోనే భోజన్న పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఎయిర్‌పోర్టుకు జట్టు బస్సులోనే జమాలుద్దీన్ తీసుకెళ్లాడు.

“ఒక్క ఆట కోసం నౌకరీ ఇడిసిపెడ్తివి గదనే,” అన్నాడు స్టీరింగు వదలకుండా.

“కోచ్‌గ నేను ఎన్ని ఆటలు ఆడిచ్చిన?”

“ఒక్కటే.”

“ఎన్ని గెలిచిన?”

జమాలుద్దీన్ ఎయిర్‌పోర్టు ముందు బస్సు ఆపాడు. “ఒకటి.”

“మర్ఫీ గూడ అన్నీ గెల్వలే,” అన్నాడు భోజన్న, సంచి భుజాన వేసుకుంటూ.

యుద్ధం వచ్చింది, ముగిసింది. వేసవి దాటాక కొత్త కోచ్ వస్తున్నాడని జమాలుద్దీన్ సామాన్ల గది తెరిచి ఊడ్చాడు. బంతుల అల్మారా వెనక భోజన్న పాత కాన్వాస్ బూట్లు దొరికాయి. మడమలు కొత్తవాటిలా ఉన్నాయి. మునివేళ్ల దగ్గర మాత్రం రబ్బరంతా అరిగిపోయి, లోపలి నూలు బయటపడింది.